అగ్గిపెట్టె మీది బొమ్మ రైలెక్కింది
(కలకత్తా కంఠాలు – 5వ భాగం)

కిందటి భాగాన్ని 1902 నవంబరులో, కలకత్తాలోని ఒక హోటలు గదిలో ఆపాం. గ్రామఫోన్ కంపెనీ పంపగా ఓడలో వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ గదిలో పెద్ద రేకు బూరా అమర్చి కూర్చున్నాడు. ఒంటినిండా నగలతో, వెనక వాద్యాలు పట్టిన సాజిందాలతో ఒక బాయీజీ ఆ గదిలోకి వచ్చింది. బూరాలో దాదాపు తల పెట్టి మూడు నిమిషాలు పాడింది. పాట ముగియగానే ఇంగ్లీషులో, కాస్త గొంతు పెంచి, "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అంది. అలా అనడానికి కారణం కూడా అప్పుడే చెప్పుకున్నాం. మైనం మీద గీసిన పాట జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి అక్కడ పళ్లెంగా అచ్చవుతుంది. అక్కడి పనివాడికి హిందుస్తానీ రాదు. ఎవరి పాటకు ఎవరి చీటీ అంటించాలో తెలియాలంటే పాడినవాళ్లే తమ పేరు చెప్పుకోవాలి.

హానోవర్ పనివాడి సౌకర్యం కోసం వేసిన ఆ కేకను పళ్లెం కొన్న ప్రతివాడూ విన్నాడు. ఈ భాగం కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

అంతకుముందు గాయని పేరు మనుషుల నోటిమీదే ఊళ్లు తిరిగేది. దర్భంగా రాజుగారి ఇంట విన్నవాడు రాంపూరులో చెప్పాలి, రాంపూరులో విన్నవాడు తన వియ్యంకుడికి చెప్పాలి. పెళ్లికో, కొడుకు పుట్టినప్పుడో, పట్టాభిషేకానికో పిలుపు వచ్చేది. గౌహర్ మొదటిసారి సభలో పాడింది కూడా అలాగే, 1887లో దర్భంగా సంస్థానంలో. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు. అజంగఢ్‌లో ఏంజెలీనా యోవర్డ్‌గా పుట్టి, తల్లి విక్టోరియా మల్కా జాన్‌గా మారాక గౌహర్ అయిన పిల్ల. 1883లో తల్లీకూతుళ్లు కాశీ విడిచి కలకత్తా చేరారు. నాలుగేళ్లు తిరిగేసరికి కూతురు రాజదర్బారులో నిలబడింది. ఆ రోజుల్లో అది మంచి వేగమే. అయినా ఆ సభలో ఉన్నవాళ్లు ఎందరు? వాళ్లలో ఎందరు ఊరు దాటి ఆమె పేరు చెప్పి ఉంటారు?

1903లో పళ్లేలు బజారులోకి వచ్చాక ఈ లెక్క తారుమారైంది. ఆమెను చూడని ఊళ్లో, ఆమె భాష రాని ఇంట్లో, యంత్రం కొన్న ఏ వర్తకుడి వసారాలోనో ముందు ఆమె గొంతు వినపడుతుంది, ఆపైన ఆమె పేరు. ఈ మనిషి ఎలా ఉంటుందన్న ఆసక్తి ఆ తరవాత పుట్టుకొస్తుంది. దాన్ని తీర్చడానికి పిక్చర్ పోస్టుకార్డులు వచ్చాయి, ఆస్ట్రియాలో తయారై మన దేశంలో అమ్ముడైన అగ్గిపెట్టెల మీద ఆమె బొమ్మ వచ్చింది. పొయ్యి ముట్టించే ఇల్లాలికి పాటతో పని లేకపోయినా బొమ్మ తెలుసు. ఇప్పటి పాప్ గాయకుల టూరుకు ఆరు నెలల ముందు నుంచే పోస్టర్లు, పాటలు ఊరంతా పరచడాన్ని మనం కొత్త తెలివి అనుకుంటాం. చిత్పూరు రోడ్డులో ఆ పని నూరేళ్ల కిందటే జరిగింది, అదీ ఎవరూ పథకం వేయకుండా.

ఆ చిత్పూరు ఇంటి గురించి కొంచెం చెప్పుకోవాలి. ఇప్పుడు ఆ వీధి పేరు రవీంద్ర సరణి. ట్రాము పట్టాలు, అత్తరు కొట్లు, జాత్రా కంపెనీల ఆఫీసులు, ఆ కంపెనీల గోడలమీద రంగురంగుల పోస్టర్లు. తల్లి మల్కా జాన్ 24వ నంబరు ఇంటిని 40,000 రూపాయలకు కొన్నది. కింద జనం, పైన సంగీతం. మెట్లెక్కితే ఒక గదిలో సారంగీ తీగలు బిగిస్తుంటారు, ఇంకో గదిలో ఉస్తాదు పాఠం చెబుతుంటాడు. పాటియాలా కాలే ఖాన్ దగ్గర గానం, బిందాదీన్ మహారాజు దగ్గర కథక్, చరణ్‌దాస్ దగ్గర బెంగాలీ కీర్తన: ఇంత చదువు ఒక్క మనిషికి. ఊరికే నేర్చుకున్న చదువు కాదది. బెంగాలీ జమీందారు ఇంట కీర్తన కావాలి, అవధ్ నవాబుల చుట్టాలకు ఠుమ్రీ కావాలి, గుజరాతీ సేటు సొంత భాషలో ఒక ముక్క వినాలంటాడు. గౌహర్ రికార్డులు పదికి పైగా భాషల్లో ఉన్నాయి. వాటిలో తమిళమూ ఉంది, ఫ్రెంచీ ఉంది. ఆమె బహుభాషా పాండిత్యాన్ని అందరూ మెచ్చుకుంటారు. నాకైతే అందులో ఊరూరూ తిరిగే మనిషి జాగ్రత్త కనిపిస్తుంది. దూరప్రయాణానికి సర్దుకున్న మూటల్లో భాష కూడా ఒకటి.

ఇక పిలుపు ఎలా వచ్చేదంటే, ముందు మధ్యవర్తి వస్తాడు. రేటు మాట్లాడుకుని బయానా ఇచ్చి తారీఖు ఖాయం చేసుకుంటాడు. రాకపోకల రైలు ఖర్చు, బస, వంట సరుకులు, పనివాళ్ల భోజనం పిలిచినవాడి మీదే. సాజిందాలకు వాటా ఉంటుంది. గౌహర్ ఒక్క మెహఫిల్‌కు వెయ్యి నుంచి మూడు వేలు తీసుకునేదని చెబుతారు. ఆనాడు ఇంగ్లీషు సవరను 15 రూపాయలు. అంటే తక్కువలో తక్కువ ఒక రాత్రి పాటకు 66 సవర్లు! రికార్డింగుకు వచ్చిన ప్రతిసారీ కొత్త నగలతో వచ్చేదని గైస్‌బర్గ్ ఆశ్చర్యపడి రాసుకున్నాడంటే పడడూ మరి.

మైకు లేదు. ఈ మాట మరిచిపోతే ఆనాటి కచేరీ మనకు అర్థం కాదు. షామియానా కింద జంఖానా పరిచి, గాయనికి దగ్గరగా పెద్దమనుషులను కూర్చోబెడతారు. నిలబడి పాడే పద్ధతిలో తబలా వాయించేవాడు వాద్యాలను నడుముకు కట్టుకుని ఆమె వెనకే కదులుతాడు, సారంగీవాళ్లూ అంతే. ఒకే మాటను పది రకాల ముఖాలతో, కనుబొమ్మతో, చేతివేళ్లతో చూపించడం ఆ కళకు ప్రాణం. అది ఇరవై అడుగుల లోపు కూర్చున్నవాడికే అందుతుంది. చివరి వరుసలో ఉన్నవాడికి అందేది గొంతు ఒక్కటే. అందువల్ల మెహఫిల్‌కు సహజంగానే ఒక హద్దు ఉండేది: వంద మంది, మహా అయితే రెండు వందలు. ఈ హద్దు ఎక్కడ తెగిందో ఇంకాసేపట్లో చూద్దాం.

ముందు దతియా సంగతి. గౌహర్ ప్రయాణాల గురించి ఎవరు మాట్లాడినా ఈ కథ రాకుండా ఉండదు. ఇందులో నిజమెంతో, ఉత్తర హిందుస్తానపు ఉస్తాదుల ఇళ్లలో హుక్కా పొగతో పాటు పెరిగిందెంతో విడదీయడం కష్టం. కథగానే చెబుతాను.

దతియా బుందేల్‌ఖండ్‌లో చిన్న సంస్థానం. అక్కడి రాజు భవానీసింగు తన ఇంటి వేడుకకు గౌహర్‌ను పిలిచాడు. ఇంత చిన్న రాజ్యానికి రావడమేమిటని ఆమె కాదంది. పైనుంచి ఒత్తిడి వచ్చింది. సరే వస్తాను, నాకు ప్రత్యేక రైలు పంపండి అంది. రైలు వచ్చింది. అందులో ఆమె ఎక్కించుకున్న పరివారం 111 మంది అని లెక్క చెబుతారు: చాకళ్లు 10 మంది, మంగళ్లు నలుగురు, సేవకులు 20 మంది, దాసీలు, సాజిందాలు, ఆఖరికి గుర్రాలు, గుర్రపువాళ్లు. కలకత్తా బాయీజీ దండయాత్రకు వచ్చినట్టు దతియా స్టేషనులో దిగింది.

రాజు నవ్వుతూ స్వాగతం చెప్పాడు. మంచి విడిది ఇచ్చాడు. రోజుకు 2000 రూపాయల చొప్పున తప్పకుండా పంపాడు. పాడమని మాత్రం అడగలేదు. ఒక రోజు, రెండు రోజులు, వారం. వేడుకలో అందరూ పాడుతున్నారు, ఆమెకు కబురు లేదు. డబ్బు వస్తోంది, భోజనం వస్తోంది, పిలుపు లేదు. పాటకత్తెకు అంతకన్నా పెద్ద శిక్ష ఉంటుందా? చివరికి ఆమె మగవేషం వేసుకుని రాజు గుర్రమెక్కి వెళ్లే దారిలో నిలబడి తప్పు ఒప్పుకున్నదనీ, ఆ రాత్రి పాడిందనీ, రాజు మెచ్చి బహుమతులతో పంపాడనీ కథ ముగుస్తుంది.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా గర్వభంగం దగ్గర ఆగి తృప్తిపడతారు. నేను మాత్రం రైలు దగ్గరే ఆగుతాను. రాజులకు, లాటుసాహెబులకు మాత్రమే వేసే ప్రత్యేక రైలును ఒక పాటకత్తె అడగగలిగిందన్నా, అలా అడిగిందని జనం నమ్మారన్నా, ఆమె పరపతి ఎంతదో అక్కడే తెలుస్తోంది. ఆ 111 మందిలో ఎక్కువమంది పాటకు అక్కరలేనివాళ్లే. ఆ మంది ఉన్నది హోదా చూపడానికి. భోగంవాళ్లు వచ్చారంటే పెరటి గుమ్మం చూపించే లోకంలో, పరివారం లేకుండా దిగితే ఏ మర్యాద దక్కుతుందో ఆమెకు బాగా తెలుసు. కలకత్తా వీధుల్లో నాలుగు గుర్రాల బగ్గీ తోలి, అది వైస్రాయికి తప్ప చెల్లదంటే వెయ్యి రూపాయల జుల్మానా కడుతూ మళ్లీ తోలిందని చెప్పుకునే కథకూ మూలం ఇదే కావాలి. పెంపుడు పిల్లి ఈనితే 20,000 పెట్టి విందు చేసిందన్న కథ ఒకటుంది. దాన్ని మాత్రం నేనెందుకూ వాడుకోలేను!

ఇంత పేరుంటే పోటీ ఉండకుండా ఉంటుందా? ఆగ్రావాలీ మల్కా జాన్ (తల్లి కాదు, అదే పేరున్న మరో గాయని) రికార్డులు గౌహర్ రికార్డుల పక్కనే అమ్ముడయ్యేవి. అలహాబాదులో జానకీబాయి ఉంది. ఒంటిమీద 56 కత్తిపోట్లు పడినా బతికి బయటపడిందని ఆమెను 'ఛప్పన్ ఛురీ' అనేవారు. ఆ ముఖాన్ని చూడడానికి ఎవరూ పోస్టుకార్డు కొనరు, అయినా గొంతు కోసం జనం విరగబడేవారు. ఆ రోజుల్లో కేవలం వినికిడి మీద పైకి వచ్చిన గాయని ఎవరంటే నేను జానకీబాయి పేరే చెబుతాను. గౌహర్ అలహాబాదు వెళ్లినప్పుడు జానకీబాయి ఆమెను కవి అక్బర్ ఇంటికి తీసుకువెళ్లిందనీ, కవిగారు ఈ గౌహర్‌కు భర్త తప్ప భగవంతుడు అన్నీ ఇచ్చాడన్న అర్థంలో పద్యం చెప్పి చేతిలో పెట్టాడనీ అంటారు. నవ్వుతూ పుచ్చుకుందట. పుచ్చుకోక ఏం చేస్తుంది?

బొంబాయి బేనజీర్‌ది ఇంకో కథ. నగల ధగధగతో పాడి, సభ అంతా తనదే అనుకుంది. తరవాత పాడిన గౌహర్ దగ్గరకొచ్చి, నగలు గదిలో మెరుస్తాయి, సభలో మెరిసేది విద్య ఒక్కటే అన్న ధోరణిలో ఒక మాట అంది. బేనజీర్ ఇంటికిపోయి నగలన్నీ గురువు ముందు పోసి పదేళ్లు సాధన చేసింది. మళ్లీ పాడిన రోజు గౌహరే ముందుగా మెచ్చుకుంది. కొత్త నగలు లేకుండా రికార్డింగుకు రాని మనిషి ఈ నీతి చెప్పడం నాకు భలే సరదాగా ఉంటుంది.

1906లో తల్లి పోయింది. బొంబాయి పార్సీ రంగస్థలంలో పేరున్న నటుడు అమృత్ కేశవ్ నాయక్‌తో గౌహర్ స్నేహం చాలా గాఢమైనది. 1907లో అతనూ హఠాత్తుగా పోయాడు. ఇల్లు ఆమెకు ఖాళీగా కనపడి ఉంటుంది. 1908లో గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలోనే, సియాల్దా దగ్గర కర్మాగారం పెట్టింది. ఇక హానోవర్ దాకా పోనక్కరలేదు, పళ్లేలు ఊళ్లోనే అచ్చవుతాయి. రికార్డులు ఇంకా దూరం పోయాయి, వాటి వెంట ఆమె.

1910లో మద్రాసు నుంచి పిలుపు.

తెలుగువాడిగా ఈ ప్రయాణం దగ్గర నేను కాస్త ఎక్కువసేపే కూర్చుంటాను, పాఠకులు క్షమించాలి. అంతకు పదిహేనేళ్ల కిందటైతే కలకత్తా నుంచి మద్రాసుకు ఓడే సుఖం. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన తెరిచారు. హౌరాలో ఎక్కితే ఒడిశా తీరం, వాల్తేరు, రాజమండ్రి, బెజవాడ మీదుగా మద్రాసు చేరవచ్చు. గౌహర్ బృందం రైల్లో వచ్చిందనుకుంటే ఇదే దారి. ఏ జాములోనో ఆ బండి గోదావరి దాటుతుంటుంది. ఆ వంతెనకు ఖానాలు 56. జానకీబాయి పక్కనుంటే నవ్వేదేమో. కిటికీ అవతల రాజమండ్రి, వీరేశలింగం పంతులుగారి ఊరు. బోగం మేళాలు పెట్టించేవాళ్లను, చూసేవాళ్లను పంతులుగారు ఏళ్ల తరబడి చెరిగిపోసిన ఊరు. మద్రాసు సంస్కర్తలు 1893లోనే వైస్రాయికీ గవర్నరుకూ మహజరు పంపారు: నాచ్ జరిగే వేడుకలకు మీరు వెళ్లకండి అని. దక్షిణాదిలో ఈ వృత్తి గుమ్మాలు ఒకటొకటే మూసుకుంటున్న రోజులవి.

ఆ మద్రాసులోనే, ఆ 1910లోనే, బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి వావిళ్లవారి చేత అచ్చువేయించింది. వేశ్య రాసిన పుస్తకాన్ని వేశ్య అచ్చువేయించడమేమిటని గగ్గోలు పుట్టింది, తరవాత ప్రభుత్వం ప్రతులు జప్తు చేసింది. జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ శుక్రవారం సాయంత్రం ఇంట్లోనే వాయించేది. వినాలంటే ఎంతటివాడైనా ఆ చిన్న గదికి వెళ్లి నోరు మూసుకుని కూర్చోవాలి. గౌహర్ దారి దీనికి పూర్తిగా ఎదురు. వినేవాళ్లు ఎక్కడుంటే ఆమె అక్కడికి వెళుతుంది.

కచేరీ విక్టోరియా పబ్లిక్ హాల్లో. సెంట్రల్ స్టేషనుకు కూతవేటు దూరంలో ఎర్రగా నిలబడే ఆ భవనానికి 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనందగజపతి. గురజాడను ఆదరించినవాడు, 'కన్యాశుల్కం' అంకితం పుచ్చుకున్నవాడు. ఆ నాటకంలోని వేశ్య మధురవాణికి పెద్ద దిక్కయిన రాజుగారే పునాదిరాయి వేసిన హాల్లో కలకత్తా గౌహర్ పాడిందన్నమాట. కాకతాళీయమే అయినా గురజాడ వింటే ఒక మాట అనకుండా ఉండేవాడు కాదు.

ఈ హాల్లోనే మెహఫిల్ హద్దు తెగింది. కింద 600 మంది, పైన చెక్క గ్యాలరీలో ఇంకో 200 మందికి పైగా పట్టే చోటు. ఇక్కడ జంఖానా లేదు, కుర్చీలు. గాయని పాదాల దగ్గర కూర్చుని పక్కవాడికి కన్నుగీటే రాజు లేడు. కుర్చీల వరసల్లో ఉద్యోగులు, వకీళ్లు, వర్తకులు, ఎవరికీ ఎవరూ ఆతిథ్యం ఇవ్వని జనం. నాటకాల కోసం కట్టిన వేదిక మీద కనుబొమ్మ ఆడిస్తే గ్యాలరీలో కూర్చున్నవాడికి కనపడుతుందా? అప్పుడు ఆమెను ఆదుకున్నది రేకు బూరా అని నా ఊహ. ఎనిమిదేళ్లుగా ఆ బూరా ఆమెకు రెండు పాఠాలు నేర్పింది. ఒకటి, గొంతు పైకి తీసి, అక్షరం నలగకుండా దూరానికి పంపడం. రెండోది, రాగాన్ని గంట సేపు విప్పకుండా మూడు నిమిషాల్లో కట్టెయ్యడం. పళ్లెంలో విన్న పాటనే మళ్లీ ఎదురుగా వినాలని వచ్చిన మద్రాసు శ్రోతకు సరిగ్గా ఆ రెండూ కావాలి. ఇప్పటికీ పెద్ద మైదానంలో గాయకుడు కొత్త పాట ఎత్తుకుంటే జనం వేరుశనగలకు లేస్తారు, తెలిసిన పాట మొదలైతే పూనకం వస్తుంది. ఆ అలవాటు ఇక్కడ పుట్టిందే.

మద్రాసు ఆమెను ఎలా తీసుకున్నదో చెప్పడానికి ఒక్క గుర్తు చాలు. ఆ తరవాత కొద్దికాలానికే ఆమె హిందుస్తానీ, ఉర్దూ పాటలు తమిళ సంగీత పుస్తకంలో అచ్చయ్యాయి. అర్థం తెలియని పాటను సొంత లిపిలో రాసుకుని పాడుకోవాలనుకున్నారన్నమాట. మద్రాసులో నాచ్ వద్దని మహజరు రాసిన తరానికీ, గౌహర్ పాట పుస్తకంలో చూసి నేర్చుకున్న తరానికీ మధ్య గడిచింది 17 ఏళ్లే. కొన్ని ఇళ్లలో ఇద్దరూ తండ్రీకొడుకులై ఉన్నా ఆశ్చర్యం లేదు. బాయీజీని ఇంటికి పిలవడం తప్పు, ఆమె పళ్లేన్ని పిలవడం తప్పు కాదు. హాలుకు వెళ్లి వినడం ఈ రెంటికీ మధ్యస్థం. ఆ సందులోంచే దేశంలో కొత్త రకం కచేరీ లోపలికి వచ్చింది.

తిరిగి కలకత్తా చేరాక గౌహర్ చేతికి దక్కబోయే పిలుపు ఏ జమీందారుదీ కాదు. 1911 డిసెంబరు, ఢిల్లీ. అయిదో జార్జి చక్రవర్తి దర్బారు. ఆమెతో గొంతు కలపడానికి అలహాబాదు నుంచి వస్తున్నది, పోటీదారు జానకీబాయే. ఇద్దరూ కలిసి పట్టాభిషేకపు మంగళగీతం పాడి చెరి నూరు గినీలు అందుకోబోతున్నారు. అదే దర్బారులో చక్రవర్తి చేసిన ఒక చిన్న ప్రకటన చిత్పూరు మెట్ల దాకా వచ్చి తగిలింది: ఇకమీదట హిందూదేశానికి రాజధాని కలకత్తా కాదు. ఆ చలికాలపు ఢిల్లీ గుడారాల్లోకి, ఆ తరవాత గౌహర్ తన కలకత్తా ఇంటి కోసం ఎక్కిన కోర్టు మెట్ల దగ్గరికి వచ్చే భాగంలో వెళదాం.